జోడు టైరు

నిన్న సాయంత్రం షాదీపూర్‌లో మా ఇంటి వరండాలో ఉన్నవి ఇవి: రేసు సైకిలు చక్రాలు రెండు, ఇరవై మూడు మిల్లీమీటర్ల సన్న టైర్లు ఒక జత, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఒక జత, గాలి ఒత్తిడి చూపే గేజీ ఉన్న పంపు ఒకటి, పంక్చరు చూడడానికి గిన్నెలో నీళ్లు. మనుషులం ముగ్గురం: నేను, మా మేనమామ కూతురి కూతురు, గోడకు చేరగిలబడి కూర్చున్న మా అత్త, అంటే ఆ పిల్లకు అమ్మమ్మ. పిల్ల స్టేడియంలో సైకిలు పందేలకు తయారవుతోంది. మన దీవుల్లో ఇప్పుడు అదీ ఒక బతుకుదారే.

"పెదనాన్నా, పత్లా టైరే కదా తేజ్ వెళ్లాలి? కోచ్ సార్ మోటాది ఎక్కించమంటున్నారు. ఉల్టా కాదా?" అని అడిగింది.

కాదమ్మా అని మొదలుపెట్టేలోపు, పిల్ల, పంపు పక్కనే ఉన్నా గేజీ వైపు చూడకుండా, అప్పటికే ఎక్కించి ఉన్న సన్న టైరును బొటనవేలితో నొక్కి చూసింది. సైకిలున్న ఇంట్లో ఎవరైనా చేసే పనే. మా అత్త మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయింది, దీపాలు పెట్టేదాకా బయటికి రాలేదు. పిల్ల బిత్తరపోయింది. వెడల్పు టైరు ఎందుకు వేగంగా పోతుందో దానికి చెబుతూ చెబుతూ, ఆ లెక్క నేను మొదట ఎవరి కోసం చేశానో కూడా చెప్పాల్సి వచ్చింది.

మన వయసు వాళ్లకు ఆనాటి రోడ్డు గుర్తుండే ఉంటుంది. జంగ్లీఘాట్ ఒడ్డున పడవలు దిగిన చేపను చెక్కపెట్టెల్లో ఐసు, రంపపు పొట్టు వేసి సర్దుకుని, నలుగురు సైకిళ్ల వాళ్లు తెల్లవారకముందే బయలుదేరేవారు. నలుగురూ మనవాళ్లే, శ్రీకాకుళం, విశాఖ ఒడ్ల నుంచి వలలు చుట్టుకుని వచ్చిన కుటుంబాల వాళ్లు. మా నాన్న సముద్రంలో పోయాక అమ్మనూ నన్నూ తన ఇంట్లో పెట్టుకున్న మా మావయ్య ఆ నలుగురిలో పెద్ద. సిప్పీఘాట్ చుట్టుపక్కల ప్రభుత్వం ఇచ్చిన పొలాల్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు స్థిరపడి ఉండేవి. వాళ్లకు పూటపూటా చేప కావాలి. రబ్బరు బూర మోత వినబడగానే ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వాకిళ్లలోకి వచ్చేవారు.

ఆ బూరకు ఒక కట్టుబాటు ఉండేది. సిప్పీఘాట్ మలుపుకు ఎవడు ముందు చేరి బూర ఊదితే ఆ ఉదయం ఊరు వాడిది. తర్వాత వచ్చినవాడు తన బూర మీద చెయ్యి వెయ్యకూడదు. తిన్నగా ముందుకు పోయి, చౌల్దారి వైపు గుట్టలెక్కి అక్కడ అమ్ముకోవాలి. మూడోవాడు ఇంకా లోపలికి పోవాలి. ధర తగ్గించుకుంటూ ఒకరి కడుపు ఒకరు కొట్టుకోకుండా నలుగురూ కూర్చుని పెట్టుకున్నది అది, పెట్టించినవాడు మా మావయ్యే. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మద్రాసులో డిప్లొమా ముగించుకుని వచ్చి అదే రోడ్డు మీద కంకర కొలిచే ఉద్యోగంలో కొత్తగా చేరిన నాకు అందులో ఒక సంగతి కనిపించింది. వెనకబడ్డ కాళ్లకే ఎక్కువ దూరం, గుట్ట కూడా వాటికే, ఐసు కరిగేది కూడా వాటి పెట్టెలోనే, ఆ అలసటంతా మోసుకుని మర్నాడు ఇంకా వెనకబడేది కూడా అవే.

ఆ ఏడు వానలకు ముందు మావయ్య వెనకబడడం మొదలైంది. ఎప్పుడూ మలుపు తనదే అయిన మనిషి రెండో వాడయ్యాడు, కొన్నాళ్లకు మూడో వాడయ్యాడు. మిగిలిన చేపను అత్త ఉప్పు వేసి ఆరబెడితే జల్లు పడి పురుగు పట్టేది. ఇంటికి వచ్చినప్పుడు మావయ్య అనేది ఒక్కటే మాట, "టైరు లాగేస్తంది". అత్త నమ్మింది, మా అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను. అత్త తమ్ముడు కూడా ఆ నలుగురిలో ఒకడు, కండ ఉన్నవాడు, నోరు కూడా ఉన్నవాడు. "బావ వచ్చీసరికి పెట్టెలో సేపలు గుడ్లెట్టేసి పిల్లల్ని కూడా సేసేత్తన్నాయర్రా" అని జెట్టీ మీద అందరి ముందూ నవ్వేవాడు. మావయ్యా నవ్వేవాడు.

నమ్మడానికి కారణం లేకపోలేదు. టైర్లు మెయిన్‌లాండ్ నుంచి ఓడ మీద రావాలి. రోడ్డంతా పగడపు రాయి, గవ్వముక్క. దారిలో పంక్చరైతే చేప చెడుతుంది కాబట్టి మనవాళ్లంతా పాత టైరు అంచులు కోసి కొత్త టైరు లోపల పరిచి తొక్కేవారు. దాన్ని జోడు టైరు అనేవాళ్లం. గవ్వముక్క దిగదు, అది నిజమే. కానీ చక్రం తిరుగుతున్నంతసేపూ టైరు నేల తగిలిన చోట అణగి, దాటాక మళ్లీ లేవాలి. అణచడానికి పెట్టిన బలమంతా లేచేటప్పుడు తిరిగి రాదు, కొంత రబ్బరే వేడి చేసి మింగేస్తుంది. టైరు గోడ ఎంత మందమైతే అంత మింగుతుంది. జోడు టైరుతో తొక్కేవాడు చేపతోపాటు ఆ మందాన్ని కూడా మోస్తున్నట్టే. అందరివీ జోడు టైర్లే అయినా, నలుగురిలో పెద్దవాడు కాబట్టి మావయ్యనే అది ముందు లాగుతోందనుకున్నాం.

ఇది నోటితో చెబితే సరిపోదని పరీక్ష పెట్టాను. షాదీపూర్ వాలు పైన సుద్దతో గీత గీసి, పెట్టెలో చేపంత బరువు ఇసుక నింపి, జోడు టైరునూ, అరువు తెచ్చిన ఇంకో రెండు రకాల టైర్లనూ మార్చి మార్చి బిగించి, సైకిలెక్కి తొక్కకుండా వాలు మీద వదిలేసి ఎక్కడ ఆగుతుందో చూశాను. జోడు టైరు వీధి కుళాయి దగ్గరే ఆగిపోయింది. సన్నది, గట్టిగా గాలి పట్టినది, కుళాయి దాటి చర్చి గేటు దాకా వచ్చింది. సన్న టైరే గెలుస్తుందని నేను అప్పటికే తేల్చుకుని ఉన్నాను, పుస్తకాల్లో రేసు సైకిళ్ల బొమ్మలు అలాగే ఉండేవి. కానీ పలచని గోడ, సన్న దారపు అల్లిక ఉన్న వెడల్పు టైరు గేటు దాటి చర్చి గోడ చివర దాకా పోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఒకే గాలి పట్టినప్పుడు వెడల్పు టైరు నేల మీద అడ్డంగా పరుచుకుంటుంది, సన్నది పొడుగ్గా అణుగుతుంది, పొడుగ్గా అణిగేదానికే నష్టమెక్కువ. కంకర మీద పరీక్షిస్తే తేడా ఇంకా పెరిగింది. గట్టి సన్న టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది, ఎగిరిన ప్రతిసారీ బరువును పైకెత్తేది తొక్కేవాడి తొడలే. వెడల్పుది రాయిని తనలోకి దిగనిచ్చి మెత్తగా దాటిపోతుంది.

అలాంటి టైర్లు ఒక జత ఓడలో వంట చేసే దూరపు బంధువు చేత మద్రాసు నుంచి తెప్పించాం. వాటి కోసం ఎదురుచూసినన్నాళ్లూ అత్త ఓడ కూత వినబడితే చాలు వాకిట్లోకి వచ్చేది. వచ్చిన రోజున వాటిని పసుపు నీళ్లతో తుడిచి బొట్టు పెట్టింది. ముందు నేను నిండు పెట్టెతో తొక్కి చూశాను. సైకిలులో నేనేమీ మొనగాణ్ణి కాను, అయినా అత్త తమ్ముడి కంటే ముందు మలుపు చేరాను. సైకిలులో ఇక ఏ లోపమూ లేదని తేలింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పండగలా కోడికూర వండారు.

మావయ్య మొదట్లో ముందే చేరాడు. వారం తిరక్కుండా మళ్లీ రెండో వాడు, మళ్లీ మూడో వాడు. వాలు, గాలి, బరువు, గొలుసు, బేరింగులు, అన్నీ ఒక్కొక్కటిగా తీసేసి చూశాను. తీసెయ్యగా మిగిలింది తొక్కే మనిషి. ఒక ఉదయం కొంత దూరంలో ఆయన వెనకే బయలుదేరాను.

సిప్పీఘాట్ రాకముందు కాలువ పక్కన రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది. ఎక్కుడు లేని ఆ చోట మావయ్య దిగాడు. సీటు మీద చెయ్యి వేసి వంగి నిలబడ్డాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఇంతలో ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. వెంటనే కూర్చుని బొటనవేలితో వెనక టైరు నొక్కసాగాడు. బండివాడు, "క్యా హువా భయ్యా, పంక్చర్?" అన్నాడు. మావయ్య తలూపాడు. బండి మలుపు తిరిగేదాకా టైరు నొక్కుతూనే ఉన్నాడు. ఆ టైరులో గాలి నేనే పట్టాను.

దగ్గరికి వెళ్లి, "టైరు బాగానే ఉంది మావయ్యా" అన్నాను.

"బాగుందిరా. శానా బాగుంది" అని, ఊపిరి అందాక, "ఇప్పుడు మీ అత్తకేటి సెప్పాలి?" అన్నాడు.

ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. గుండె వాచింది, బరువు లాగకూడదు, ఓడెక్కి మద్రాసు వెళ్లాల్సిందే అన్నారు డాక్టరు. వానలు వెళ్లాక వెళ్తానని, అంతదాకా ఇంట్లో చెప్పొద్దని మావయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వానల్లో పడవలు తక్కువ దిగుతాయి, దొరికిన చేపకు ధర బాగుంటుంది, ప్రయాణానికి ఆ నాలుగు డబ్బులూ కావాలి. అత్తకు చెప్పలేదు. అత్త తమ్ముడికి మాత్రం చెప్పాను. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. మలుపు దొరికితే గుట్ట తప్పుతుంది, అంతే నా లెక్క. వాడు మొదట నవ్వబోయాడు, నా మొహం చూసి ఆపాడు.

మర్నాడు నేను మలుపు దగ్గరే కంకర కుప్ప కొలుస్తున్నాను. మిగతా ముగ్గురూ ఎప్పుడో వచ్చి సైకిళ్లు స్టాండు వేసి నిలబడ్డారు. ఎవరూ బూర ముట్టలేదు. బెంగాలీ ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి, బూర మోగక, మళ్లీ లోపలికి పోయారు. చాలాసేపటికి మావయ్య వచ్చాడు. వాళ్లను చూసి దిగి, అలవాటుగా టైరు నొక్కాడు.

"నువ్వే ముందొచ్చావు బావా. ఊదు" అన్నాడు అత్త తమ్ముడు. ఎప్పుడూ అరిచే గొంతు, అప్పుడు మెల్లగా వచ్చింది.

మావయ్య ముగ్గురి వైపూ చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. "ముందొచ్చినోడిదే ఊరు. మనవెట్టుకున్నదే కదరా" అని, బావమరిది సైకిలుకున్న బూరను తనే ఒకసారి నొక్కాడు. ఆడవాళ్లు గిన్నెలతో వస్తుండగా సైకిలెక్కి చౌల్దారి వైపు సాగిపోయాడు. ఆ కొత్త టైర్లు కంకర మీద చప్పుడు కూడా చెయ్యలేదు.

ఆ తర్వాత కూడా వాళ్లు ఆగేవారు, ఆయన ఆగకుండా పోయేవాడు. వానలు ఇంకా వెళ్లలేదు, చౌల్దారి నుంచి ఒక బెంగాలీ పెద్దాయన నేను పనిలో ఉన్న చోటికి పరుగున వచ్చాడు. వెళ్లేసరికి మావయ్య కల్వర్టు గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. ఆడవాళ్లు పెట్టె మీద అరిటాకులు కప్పి నీళ్లు చల్లి ఉంచారు, ఒక్క చేప కూడా తియ్యలేదు. సైకిలు స్టాండు వేసి ఉంది. నేను చూడాల్సిన పని లేకపోయినా చూశాను. రెండు టైర్లలోనూ గాలి నిండుగా ఉంది.

ఇంటికి తెచ్చాక అత్త ఏడవడానికి ముందు నన్నే అడిగింది, "టైరు బాగయిపోయిందన్నావు కదరా?" అని. మావయ్య టైరు నొక్కే సంగతి ఆమెకు చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చెప్పినప్పటి నుంచి ఎవరు ఆ పని చేసినా ఆమె చూడలేక లేచిపోతుంది.

ఇప్పుడా రోడ్డంతా తారు. చేప ఆటోల్లో వెళ్తుంది, మైకులో ముందే రికార్డు చేసిన గొంతు ఒకేసారి నాలుగు ఊళ్లకు వినిపిస్తుంది. మలుపు దగ్గర ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, ఆగరు కూడా. జోడు టైరు అంటే ఏమిటో పిల్లకు బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. షాదీపూర్ వాలు మీద నేను ఇసుక పెట్టెతో చూసినదాన్నే ఇప్పుడు కోచ్‌లు చెబుతున్నారంటే సంతోషపడాల్సింది. పలచని గోడ, వెడల్పు పాదం, తగినంత గాలి. ఆ మూడూ మావయ్య సైకిలుకు ఉన్నాయి.

పిల్ల వెడల్పు టైర్లే ఎక్కించింది. ఈసారి గేజీ చూసి గాలి పట్టింది. పట్టి, లోపలి గది వైపు ఒకసారి చూసి, "తాత అప్పటికే బుడ్ఢా అయిపోయాడా పెదనాన్నా?" అని అడిగింది.

లేదన్నాను. నలభై మూడేళ్లు.