నాన్న ఎర్రరంగు పూసిన వాక్యాలు

ఫిజీలో, నసీను పట్టణంలోని మా చర్చిలో నాన్న సంస్మరణ కూటం. ఆయన ట్యాబ్‌లోని బైబిల్ యాప్‌లో ఎర్రరంగు పూసుకున్న వాక్యాలన్నీ ఆయనకు ఇష్టమైనవనుకుని, గోడ మీది తెరపై చూపిస్తూ చదువుతున్నాను. సోదరుణ్ణి క్షమించమనే వాక్యానికి నా వేలు తగలగానే, దాని కింద నాన్న తెలుగులో రాసుకున్న నోట్ అందరి ముందూ తెరుచుకుంది.

ఏళ్ల తరబడి నాన్నతో మాటల్లేని బాబాయి, బా అనే ఊరి నుంచి వచ్చి ముందు వరుసలోనే కూర్చున్నారు.

"భయ్యా ఏం రాసినాడు బేటీ? నాకు తెలుగు చదవను రాదు," అన్నారు బాబాయి.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఉన్నదున్నట్టు చదివాను: "ఇది ఇంకా నా వల్ల కాలేదు. తమ్ముడి దగ్గరికి పోవాలి."

బాబాయి తల వంచుకుని, "నేను కూడా రాలేదు కదా," అన్నారు.

తర్వాత మిగతా నోట్లు కూడా తెరిచి చూస్తే, ఆ ఎర్ర గుర్తులన్నీ నాన్న పాటించలేకపోయిన వాక్యాలకే. నా ఫోన్‌లోని బైబిల్ నిండా నాకు నచ్చిన వాక్యాలకు పెట్టుకున్న పసుపు గుర్తులే. ఎరుపు పెట్టుకునే ధైర్యం నాకింకా లేదు.