పడుగు రంగును బట్టి పొయ్యి

మా అత్తగారింట్లో ఏ పూట ఏ పొయ్యి వెలగాలో మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు నూలు రంగును బట్టి ఉండేది. లేత రంగు పడుగు ఎక్కితే గ్యాసు. నలుపో, వంగపండు రంగో అయితే కట్టెల పొయ్యి. ఎమ్మిగనూరులో మా మగ్గమూ వంటా పక్కపక్కనే, మధ్య తలుపు లేదు. లేత నూలు మీద మసి పడితే నూలిచ్చి నేయించుకునే షావుకారు చీర వాపసు పంపిస్తాడు. నలుపు మీద పడితే కనపడదు. ఇంత తెలివైన ఏర్పాటులో వండే మనిషి ఊసే లేదు. ఇది రాస్తే ఇంటి పరువు పోతుందంటే, పోనీ.

ఏది ఎంత శుభ్రంగా మండుతుందో నన్నడగండి. బాగా ఎండిన తుమ్మకట్టె నయం, నిలకడగా మండుతుంది, పొగ తక్కువ. పిడక కుమిలి కుమిలి ఇల్లంతా కమ్మేస్తుంది. పత్తికట్టె ఉంది చూశారూ, భగ్గున లేచి అంతలోనే ఆరుతుంది. పురుగుమందు తాగి పెరిగింది కదా, దాని పొగ గొంతు కోస్తుంది. నేను పత్తికి పేరుమోసిన ఆదోనిలో పుట్టినదాన్ని, దాని సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. గ్యాసు మీద గిన్నె అడుగు తెల్లగానే ఉంటుంది. కట్టెల మీద పెట్టేముందు మసి సులువుగా పోవాలని గిన్నె అడుగుకు మట్టి పూస్తాం. గిన్నెకున్న పాటి రక్షణ నాకు లేదు.

పోయిన దసరా ముందు వరసగా నల్ల చీరలే పడ్డాయి. పొద్దున్నే దగ్గితే కళ్లె నల్లగా పడేది. నాకు భయమేసింది, భయం కన్నా ఒళ్లు మండింది. సిలిండరు నిండుగా మూలన కూర్చుని ఉంది. ఒకరోజు పొద్దున గ్యాసు వెలిగించి ఎసరు పెట్టాను.

కండెలకు నూలు చుడుతున్న మా అత్త రాట్నం ఆపింది. "ఏమ్మే, నల్ల పడుగు కదా ఉండేది? గ్యాసు యాల ముట్టిచ్చినావు?"

"అత్తా, సీరకు మసి అంటితే సావుకారు వాపసు పంపుతాడు. నా రొమ్ముకు అంటితే నువ్వు యాడికి పంపుతావు? మా అమ్మోళ్లింటికా?"

మా ఆయన మగ్గం గుంటలోంచే అరిచాడు. "మాయమ్మ ఇన్నేండ్లు కట్టెల మీద వండల్యా? ఆయమ్మకేమైంది?"

"ఏమైందా? పడుకుంటే ఊపిరాడక గోడకానుకోని నిద్రపోతాది. నీకు కనపడదా?"

ఆయనకు రోషమొచ్చింది. లేచి వచ్చి గ్యాసు ఆర్పేసి, పత్తికట్టెలు విరిచి కట్టెల పొయ్యిలో పెట్టి అంటించి, ఎసరుగిన్నె దాని మీదికి దించాడు. నేను పొయ్యి ముందు కూర్చోలేదు. గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాను. ఊదేదేదో తనే ఊదుకోవాల్సి వచ్చింది. కాసేపటికే కళ్లు తుడుచుకుంటూ, దగ్గుకుంటూ వాకిట్లోకి పోయాడు.

అత్త లేచి వచ్చి చెంబెడు నీళ్లు పొయ్యిలో పోసింది. గ్యాసు తనే వెలిగించి, ఎసరుగిన్నె దాని మీదికి మార్చి, వాకిట్లోని కొడుకుతో అంది:

"నన్ను ఎవురూ అడగల్యా. నేనూ ఎవుర్నీ అడగల్యా. అదన్నా అడుగుతాంది, అడగనీ."