తప్పు నాదేనన్న మెకానిక్ రాజలింగం

మొన్న బుధవారం బోధన్‌లో కాలేజీకి బయలుదేరుతుండగా, మెకానిక్ రాజలింగం గుండెపోటుతో కన్నుమూశాడని నిజామాబాద్ నుంచి ఫోను వచ్చింది. పాఠ్యపుస్తకాలు బల్లమీద పెట్టేశాను. యాభై నాలుగేళ్లు మరణించదగిన వయసు కాదు.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద ఆయన షెడ్డు. చెరకు లారీలు, ట్రాక్టర్లు బాగుచేస్తూ స్వయంకృషితో విద్య గడించినవాడు. "ఇంజన్ అబద్ధమాడదు, నడిపేటోడు ఆడ్తడు" అనేవాడు.

ఆయన సత్యనిష్ఠ నాకు తెలిసివచ్చింది నా జీవితంలోని ఘోరవిషాదంలో. నా కొత్త కారుకు పల్చని సింథటిక్ ఆయిల్ పొయ్యాలని కంపెనీ పుస్తకంలో ఉంది. రాజలింగం, చిక్కదనం తెలిపే నంబరు అదే ఉన్న మామూలు ఆయిల్ డబ్బా తెచ్చాడు. "నంబర్ ఒకటే గద సార్. గదీ పల్చగనే ఉంటది, గిదీ పల్చగనే ఉంటది. ఫరక్ ఏం లేదు" అన్నాడు. నేనూ తలూపాను.

ఆ ఎండాకాలం అమ్మకు ఛాతీనొప్పి వచ్చింది. బోధన్ డాక్టరు వెంటనే నిజామాబాద్ తీసుకుపొమ్మన్నాడు. సగం దారిలో ఇంజన్ గరగరలాడి పట్టేసింది. మరో బండి దొరికేలోపే అమ్మ నా ఒడిలో ప్రాణం విడిచింది.

కర్మకాండ ముగిసిన మరునాడు రాజలింగం వచ్చాడు. గడప దాటలేదు.

"ఇంజన్ విప్పి చూసిన సార్. ఎక్కడ లీకు లేదు. ఆయిల్ అడుగంటింది. మామూలు ఆయిల్‌ను గంత పల్చగ జేస్తే వేడికి ఆవిరైతదట. సింథటిక్ గంత తొందరగ పోదట. తెలిసినోళ్లను అడిగి తెల్సుకున్న. తప్పు నాదే."

నెలల తరబడి ఆయిల్ ఎంతుందో గేజీ తీసి చూడని అలక్ష్యం నాది. లీకైందని ఆయన చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి. అది ఆయనకూ తెలుసు.

ఆనాటి నుంచి షెడ్డులో స్టౌ మీద వేడి ఇసుకలో రెండు గిన్నెలు పెట్టి, ఒకే నంబరున్న రెండు రకాల ఆయిల్ సమానంగా పోసి, ఏది ఎక్కువ తగ్గుతుందో డ్రైవర్లకు చూపేవాడు. ఒకసారి బాల్కొండ డ్రైవరొకడు తన కొత్త బండికి మామూలుదే పొయ్యమని పట్టుబట్టాడు.

"పాత జీపుకైతే చిక్కటి మామూలు ఆయిలే పోస్త, బేఫికర్‌గ తిరుగు. దీనికి మాత్రం పొయ్య. వేరే షెడ్డుకు పో తమ్మీ" అని పంపేశాడు.

ఇంజన్ మళ్లీ కట్టించి ఆ కారునే వాడాను, ఆయన దగ్గరికే తీసుకువెళ్లాను. అదే నా క్షమ అనుకున్నాను. నేనున్నంతసేపూ ఆయన కూర్చునేవాడు కాదు. గౌరవమనుకున్నాను.

దహనం మరునాడు పరామర్శకు వెళితే ఆయన భార్య గంగమణి మెల్లగా చెప్పింది.

"మీరు షెడ్డుకు వచ్చిన రోజు ఆయన అన్నం తినకపోతుండె సార్. ఆరేండ్ల సంది గంతే. రావద్దని సార్‌కు చెప్త అంటే, సార్ రాకుంటే ఇంకింత బాధైతది అంటుండె."

రాజలింగం వంటి సత్యసంధుడు మా ప్రాంతానికి మళ్లీ దొరకడు. 'నిన్ను తప్పుపట్టడం లేదు రాజలింగం' అన్న ఒక్క వాక్యం, పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నా నోట ఆరేళ్లలో ఒకసారీ రాలేదు. నిన్న ఆయన ఫోటో ముందు చేతులు జోడించి ఆ మాట అన్నాను. విన్నది గంగమణి ఒక్కతే.