మారేడుమిల్లి ఘాట్‌లో రెండు మలుపుల మధ్య

మాకు రాజమండ్రిలో పచారీ కొట్టు ఉంది. మా మామగారి కాలం నుంచీ ఉన్నదే. మా ఆయన పాతికేళ్ళు ఆ గల్లాపెట్టె ముందు కూర్చుని కూర్చుని షుగరు తెచ్చుకున్నారు. మొదట మాత్రలు, తరవాత రెండు పూటలా ఇన్సులిన్. డాక్టరుగారు రోజూ నడవమన్నారు. నడకంటే ఆయనకు విసుగు. ఒకరోజు ఉన్నట్టుండి గేర్ల సైకిలు కొనుక్కొచ్చారు. రెండు నెలలు తిరక్కుండానే నాక్కూడా ఒకటి వచ్చింది. చిన్నప్పుడు హైస్కూలుకు సైకిలు మీదే వెళ్ళినదాన్ని. నలభై ఆరేళ్ళ వయసులో పంజాబీ డ్రెస్సు వేసుకుని మళ్ళీ ఎక్కితే, మా వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి మరీ చూశారు.

ఆదివారాలు కొట్టు మా మరిదికి అప్పజెప్పి బయల్దేరేవాళ్ళం. కాలవగట్టు మీదుగా కడియం దాటి బిక్కవోలు వెళ్తే, అక్కడ వరిచేల మధ్య వెయ్యేళ్ళనాటి గుళ్ళు ఉంటాయి. ఆయన గట్టు మీద సైకిలు పడేసి, గోడల మీది శిల్పాలను ఒక్కొక్కటే వేలితో తడిమి చూసేవారు. ఒకసారి సామర్లకోట భీమేశ్వరాలయం దాకా వెళ్ళాం. కోరుకొండ కొండ మెట్లు లెక్కలేనన్నిసార్లు ఎక్కాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకున్నది ఏదైనా ఉంటే అది ఆ దారుల్లోనే.

పోయిన ఏడాది చలికాలంలో మారేడుమిల్లి వెళ్దామన్నారు. నాకు భయమేసింది. అంత దూరం ఎప్పుడూ తొక్కలేదు. అయినా ఒక శనివారం తెల్లారగానే బయల్దేరి, గోకవరం దాటి, రంపచోడవరంలో కాసేపు ఆగి, సాయంత్రానికి మారేడుమిల్లి చేరాం. కాళ్ళు కర్రలైపోయాయి. ఆయన మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నారు. మర్నాడు పొద్దున్నే చింతూరు వైపు ఘాట్ రోడ్డులో కొంత దూరం వెళ్ళి, వాగు మీద వంతెన చూసి వెనక్కి వచ్చేద్దామని అనుకున్నాం.

పొద్దున ఆయన మామూలుగానే ఇన్సులిన్ తీసుకున్నారు. ఊరంతా బొంగులో చికెన్ బోర్డులే. మేం తినం. ఒక పాకహోటల్లో ఇడ్లీ దొరికితే ఆయన రెండు తిని లేచిపోయారు.

"షుగరు చూసుకున్నారా?" అని అడిగాను.

"తిరిగొచ్చాక చూసుకుంటాలే."

చలి, మంచు. రోడ్డుకు ఒక పక్క కొండ, ఇంకో పక్క చెట్ల తలలు తప్ప ఏమీ కనిపించని లోయ. గంటసేపు ఎక్కాం. ఆయన మాటిమాటికీ ఆగుతున్నారు. ముఖం పాలిపోయింది. బిస్కెట్లు తినమని సంచి తీయబోయాను. గ్లూకోజు పొడి, బిస్కెట్లు, అరటిపళ్ళు అన్నీ నా సైకిలు హ్యాండిలుకు కట్టిన సంచిలోనే ఉంటాయి.

"రోడ్డు మీద కూడా నర్సులా వెంటపడతావేంటి?" అని కసిరారు. ఆయన అలా కసిరే మనిషి కాదు. అది షుగరు పడిపోయే ముందు వచ్చే కోపమని నాకు తెలియాలి. నాలుగేళ్ళుగా చూస్తున్నదాన్నే. కానీ ఆ క్షణంలో నాకు తోచలేదు.

సరిగ్గా అప్పుడే నా ముందు టైరు పంక్చరైంది. ఆయన దిక్కులు చూస్తూ నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండింది.

"మీరు పోండి. నాకోసం ఎవరూ ఆగక్కర్లేదు. వంతెన దగ్గర కలుస్తాను" అన్నాను.

ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ నీలం చొక్కా మలుపు తిరగడం చూశాను.

పంక్చరు వేసుకోవడం నాకు వచ్చు. చేతులు చల్లబడి ఉండడంతో అరగంట పైనే పట్టింది. అక్కణ్ణించి అంతా దిగుడే. బ్రేకులు పట్టుకుని నెమ్మదిగా దిగి వంతెన చేరాను. ఆయన లేరు. వంతెన పక్కన ఒకామె పొయ్యి వెలిగించి టీ కాస్తోంది.

"అమ్మా, ఇటు సైకిలు మీద ఒకాయన వచ్చారా? నీలం చొక్కా."

"పొద్దున్నుంచీ సైకిలేదీ రాలేదమ్మా. ఇక్కడే కూచున్నానుగా."

నాకు ఆమె మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. దారి ఒక్కటే. పైన నేనున్నాను, కింద ఆమె ఉంది. ఆ మధ్యలో మనిషి ఏమైపోయినట్టు?

ఫోనుకు సిగ్నలు లేదు. సైకిలు వెనక్కి తిప్పి తోసుకుంటూ పైకి నడిచాను. ప్రతి మలుపు దగ్గరా ఆగి లోయలోకి తొంగిచూశాను. ఎక్కడైనా పొదలు విరిగాయా, రాతి మీద గీతలు పడ్డాయా అని చూస్తున్నాను. ఒకచోట చెట్ల మధ్య నీలంగా కనిపిస్తే కొమ్మ పట్టుకుని కిందికి వంగాను. ఎవరో పారేసిన ప్లాస్టిక్ పట్టా అది. "ఏమండీ!" అని అరిచాను. మళ్ళీ అరిచాను. ఆ కొండల్లో ఆ పిలుపు ఎవరి కోసమైనా కావచ్చనిపించింది. అప్పుడు, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి, ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. పిట్టల చప్పుడు తప్ప బదులు లేదు. నడుస్తున్నంతసేపూ 'మీరు పోండి' అన్న నా మాటే చెవుల్లో మోగుతోంది.

పైనుంచి జీపు ఒకటి వచ్చింది. రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపాను. డ్రైవరు మాట వినగానే మా వైపు మనిషేనని తెలిసిపోయింది.

"నీలం చొక్కాయనాండి? ఇందాక పైకెళ్ళేటప్పుడు చూశామండి. ఇక్కణ్ణించి రెండు మలుపులు పైకెళ్తే ఎడం పక్కన మట్టిదారి ఉందండి. సైకిలు తోసుకుంటా అందులోకి పోతన్నాడండి. తూలిపోతన్నాడు. పిలిస్తే పలకలేదండి. పొద్దున్నే తాగేశాడేమో అనుకున్నాం."

"తాగలేదు బాబూ, షుగరు పడిపోయింది" అన్నాను. అతని ముఖం మారిపోయింది.

"అయ్యో! బండి ఇక్కడ తిరగదండి. కింద మనుషుల్ని దింపేసి ఇప్పుడే వచ్చేస్తాను. మీరు పదండమ్మా, పదండి."

సైకిలు అక్కడే పడేసి, సంచి ఊడదీసుకుని పరిగెత్తాను. మట్టిదారిలో కొంత దూరం లోపల ఆయన సైకిలు పడి ఉంది. ఇంకా లోపల, వాగు ఒడ్డున బురదలో ఆయన కూర్చుని ఉన్నారు. ఆ చలిలో చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఒళ్ళో రాలిన ఆకులు పోగేసుకుని, ఒక్కొక్కటే పొట్లంలా మడుస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి భుజం పట్టుకున్నాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. చాలా మర్యాదగా అన్నారు:

"ఎవరండీ మీరు? కొట్టు కట్టేశామండి. రేపు రండి."

సీసాలో నీళ్ళలో గ్లూకోజు కలిపి నోటికి అందించాను. విసిరి కొట్టారు. సీసా వాగులో పడింది. ఉన్న పొడంతా దాంట్లోనే పోశాను నేను, కంగారులో. అరటిపండు చిదిమి నోట్లో పెడితే మింగలేదు, దగ్గు వచ్చి పొలమారింది. భయపడి వేలితో తీసేశాను. కాసేపటికి చేతులు ఆకుల్ని వదిలేశాయి. కళ్ళు పైకి తేలిపోతున్నాయి. దవడలు బిగుసుకున్నాయి. నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకుని పెద్దగా ఏడ్చాను.

ఆ ఏడుపు విని ఒక పెద్దావిడ అడవిలోంచి వచ్చింది. నెత్తిన విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్ట ఉంది. కొంచెం దూరంలో ఆగి, "మీ మనిసా? తాగినాడా?" అంది.

"తాగలేదమ్మా, జబ్బు. తీపి ఏదైనా కావాలి. పంచదార, బెల్లం, ఏదైనా. చచ్చిపోతాడు."

ఆమె కట్ట కింద పడేసింది. "తేనుంది" అని ఒక్క మాట అని చెట్లలోకి పరిగెత్తింది. ఆ వయసులో అలా పరిగెత్తడం నేనింకెక్కడా చూడలేదు.

ఆమె వచ్చేదాకా ఎంతసేపయిందో నాకు తెలియదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఆయన ఊపిరి చూస్తూ కూర్చున్నాను. కొట్టు గురించి ఆలోచించాను. ఇంటికి ఏమని చెప్పాలి, మా అత్తగారి ముఖం ఎలా చూడాలి అని ఆలోచించాను. ఆయన చెవి దగ్గర వంగి, పొమ్మన్నది కోపంతోనే తప్ప నిజంగా కాదని చెప్పాను. ఆయనకు వినిపించలేదు.

ఆమె మందుసీసాలాంటి సీసాలో తేనె తెచ్చింది. ఆయన్ని పక్కకు ఒత్తిగిలించి, ఆయన తల కదలకుండా ఆమె పట్టుకుంది. నేను వేలు తేనెలో ముంచి బుగ్గకూ పళ్ళకూ మధ్య రుద్దాను. ఆయన పళ్ళ మధ్య వేలు పడి రక్తం వచ్చింది. రుద్దుతూనే ఉన్నాను. ఆమె తన భాష కలిపి ఏదో గొణుగుతూ ఆయన అరికాళ్ళు రాసింది. పది నిమిషాలో, పావుగంటో. కనురెప్పలు కదిలాయి. మింగారు. ఇంకొంచెం మింగారు. అప్పుడు బిస్కెట్టు తినిపించాను. చాలాసేపటికి నావైపు చూసి, నీరసంగా అన్నారు:

"పంక్చరు వేసేశావా?"

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. తేనె చేతులతోనే ముఖం మూసుకున్నాను.

జీపు డ్రైవరు మాటిచ్చినట్టే వచ్చాడు. మమ్మల్నీ సైకిళ్ళనీ ఎక్కించుకుని రంపచోడవరం ఆసుపత్రిలో దింపాడు. అక్కడి డాక్టరమ్మ సెలైను పెట్టి, "నిన్న అంత దూరం తొక్కి, ఇవాళ మామూలు మోతాదే తీసుకుంటే ఎలాగండీ?" అని ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టింది. ఆ మాట మాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నెల తరవాత నేను, మా మరిది బస్సులో వెళ్ళి ఆ పెద్దావిడను వెతికాం. వాగు అవతల నాలుగిళ్ళు ఉన్నాయి. ఆమె పేరు కూడా నేను అడగలేదు ఆరోజు. ఆకులకు వెళ్ళే ముసలావిడ అంటే, అందరూ ఆకులకు వెళ్ళేవాళ్ళే అన్నారు. తెచ్చిన చీర అక్కడ ఒకామె చేతిలో పెట్టి, ఆమెకు చేర్చమని చెప్పి వచ్చాం. చేరిందో లేదో తెలియదు.

మా ఆయనకు ఆ పొద్దున గురించి ఏమీ గుర్తులేదు. కొట్టుకొచ్చిన వాళ్ళకు, తనని తాగుబోతనుకున్నారని నవ్వుతూ చెప్తారు. వాళ్ళూ నవ్వుతారు. నేను లోపలికి వెళ్ళిపోతాను. నేను ఆయనతో 'మీరు పోండి' అన్న మాట మాత్రం ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. రెండుసార్లు చెప్పబోయి ఆగిపోయాను.

మూడు నెలలు సైకిళ్ళు వరండాలోనే ఉన్నాయి. తరవాత ఒక ఆదివారం ఆయనే టైర్లలో గాలి కొట్టారు. వద్దనలేకపోయాను. ఇప్పుడు కోరుకొండ దాకానే వెళ్తాం. ఇద్దరి సంచుల్లోనూ గ్లూకోజు ఉంటుంది, బయల్దేరే ముందు ఆయన వేలు గుచ్చి షుగరు చూసుకుంటారు. పోయిన వారం ఒక చెరుకుబండి దాటే తొందరలో ఆయన ముందుకెళ్ళిపోయారు. బండి అడ్డుపడి ఒక్క నిమిషం కనిపించలేదు. నేను రోడ్డు మీదే సైకిలు దిగిపోయాను. బండి పక్కకు తప్పుకున్నాక చూస్తే, ఆయన కొంత దూరంలో ఒక కాలు నేల మీద పెట్టి, నా కోసం వెనక్కి చూస్తూ ఆగి ఉన్నారు. ఏమైందని అడిగారు. చైను జారిందని అబద్ధం చెప్పాను.