జింకతోలు మీద సవతి

నాకు సవతి లేదు. ఉంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. మనిషైతే జుట్టు పట్టుకుని నాలుగు మాటలు అడిగేదాన్ని. మా ఆయన చెవిలో పడ్డ మంత్రాన్ని ఎక్కడని పట్టుకోను?

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. మేముండేది కొవ్వూరులో. మా ఆయన రోజూ పడవెక్కి రాజమండ్రి వెళ్ళి, కచేరీలో రాతపని చూసుకుని, సాయంత్రానికి వచ్చేవారు. ఆ పడవలోనే ఒక స్వాములవారు తగిలారు. ఉపదేశమైంది. ఇక అప్పటినుంచి తెల్లవారకముందే స్నానం, వసారాలో జింకతోలు, దానిమీద కళ్ళు మూసుకుని ఈయన. నా చీరచెంగు తగిలితే తోలు మైలపడుతుందట. దాన్ని ఎండలో వేసి కర్రతో దులిపే పని మాత్రం నాదే. కర్రకి మైల లేదు కాబోలు. కసితీరా దులిపేదాన్ని.

మంత్రమేమిటని అడిగితే, పెళ్ళానికైనా చెప్పకూడదన్నారు. ఒళ్ళు మండిపోయింది. నాతో కాపురం చేస్తున్న మనిషి నోట్లో నాకు తెలియని మాటొకటి రోజంతా ఆడుతోంది! అన్నం కలుపుతున్నా పెదవులు కదుపుతూనే ఉండేవారు. ఒకరోజు పులుసులో ఉప్పు వెయ్యకుండా వడ్డించి చూశాను. పలక్కుండా తినేసి లేచారు. రవ్వంత ఉప్పు తేడా వస్తే విస్తరి ముందునుంచి లేచిపోయే మనిషి. ఆ పూట వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

పక్కింటావిడ నన్ను చూసి, పెట్టిపుట్టావమ్మా అనేది. వాళ్ళాయనది పేకాట. పేకాటలో డబ్బు పోయినా మొగుడు మిగులుతాడు కదండీ అన్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను భయపడినంతా అయింది. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో, సన్యాసం తీసుకుంటానని బయటపెట్టారు. ధ్యానంలో లోపలినుంచి ఆజ్ఞ అయిందట. అయితే భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప కాషాయం ఇవ్వకూడదు, అది శాస్త్రం. బెదిరించి ఒప్పించినా చెల్లదని స్వాములవారు గట్టిగా చెప్పారట. నన్నూ కూర్చుని మనసు నిలిపి లోపల అడగమన్నారట, వచ్చిన జవాబు తనకు అందాకే మిగతా సంగతి అన్నారట.

"నువ్వూ కూర్చుని అడగవే. ఏం వస్తే అదే," అన్నారు మా ఆయన, నాకేదో వరమిస్తున్నట్టు.

కూర్చున్నాను, ఆ జింకతోలు మీదే. ఇప్పుడు మైల లేదట! కళ్ళు మూస్తే చాలు, కాషాయం కట్టుకుని ఆయన పడవెక్కుతూ కనిపించేవారు. ఒడ్డున నేను. నిలవమంటే నిలుస్తుందా మనసు? కుక్కతోకలా మళ్ళీ అటే తిరిగేది. ఆయన తన ధ్యానం కట్టిపెట్టి, ఎదురుగా పీట వేసుకుని నన్నే చూస్తూ కూర్చునేవారు. కళ్ళు తెరవగానే, తెలిసిందా అని అడిగేవారు. లేదండి అనేదాన్ని. నిజంగానే లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నా మొహం అంతసేపు చూసిన పాపాన పోలేదు. ఒకసారి అన్నం అడుగంటుతుంటే ఆయనే వెళ్ళి దింపి వచ్చారు.

ఒకనాడు, ఎందుకో మరి, మనసు నిలిచింది. ఏ మాటా వినపడలేదు, ఏ వెలుగూ కనపడలేదు. ఎదురుగా ఆయన ఊపిరి, అంతే. ఏడుపు లేదు, కుళ్ళు లేదు. లేవబుద్ధి కాలేదు. చాలాసేపటికి కళ్ళు తెరిచేసరికి ఆయన పీట నా దగ్గరికి జరిగి ఉంది. నా మొహం చూసి సంగతి పట్టేశారు.

"ఏం వచ్చిందే?" అన్నారు.

అంతే, పోయిందనుకున్న కడుపుమంట అంతా తిరిగొచ్చింది.

"మీకు చెప్పకూడదండి," అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ రోజు ఆయనకు పడవ తప్పిపోయింది. గడప దగ్గర నిలబడి బతిమాలారు, కోప్పడ్డారు. జవాబు అందకుండా కాషాయం లేదు కదా, స్వాములవారు తన దారిన తాను పైఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను ఊరికే పెదవులు కదిపినా మా ఆయన అన్నం కలపడం ఆపి చూసేవారు. వంతెన కట్టాక, రైలు దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ కూడా ముందు అదే అడిగేవారు, ఇప్పటికైనా చెప్పవే అని. పోయేదాకా అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పలేదు. ఆయన ఊపిరి తప్ప నాకేం వినపడింది గనక చెప్పడానికి?