దండెం మీద అమెరికా

బంగ్లాదేశ్ కోసం యుద్ధం మొదలైన చలికాలంలో నేను బీదర్ పక్కనున్న చిద్రి ఊరికి కొత్త కోడల్ని. సాయంత్రం మా మామగారు రేడియో పెడితే, పక్కింటి దర్జీ మధ్యగోడలో వదిలిన సందులోంచి వచ్చి ఆయన పక్కన కూర్చునేవారు. వాళ్లది మరాఠీ ఇల్లు, మాది తెలుగు. బీదర్ మహారాష్ట్రకు పోవలసిందని ఆయన, హైదరాబాదుతోనే ఉండవలసిందని మామగారు వాదించుకునేవారు. ఇద్దరూ ఉన్నది మైసూరు రాష్ట్రంలో.

ఒకరోజు అమెరికా యుద్ధనౌక మన సముద్రం వైపు వస్తోందని, రష్యా మన పక్షమని రేడియో చెప్పింది. మామగారు పెరట్లోకి చూశారు. రెండిళ్లకూ కలిపి కట్టిన దండెం మీద దర్జీ చెడ్డీ ఆరుతోంది. కరువులో వచ్చిన అమెరికా పిండి సంచితో కుట్టుకున్నది. వెనకవైపు అమెరికా జెండా చారల మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ.

"దుష్మన్ జెండా నా దండెం మీదేంది? తియ్యి!"

"జెండా గాదన్నా, చెడ్డీ. ఆ పిండి నువ్వు గూడ తిన్నవ్."

"తిన్న. ఒంటి మీద ఏసుకోలే."

దర్జీ ముఖం చిన్నబోయింది. "అంటే నేను ఈ దేశపోన్ని గాదా?" అని లేచి వెళ్లిపోయారు.

తెల్లారేసరికి మామగారు దండెం తెంపారు. దర్జీ సందును ఇటుకలతో మూసేశారు. అప్పుడు గుర్తొచ్చింది, బావి వాళ్ల వైపు, తిరగలి మా వైపు ఉండిపోయాయని. రెండిళ్లలోనూ రొట్టె ఆగింది.

ఆడవాళ్లం గోడకు చెరో నిచ్చెన వేశాం. నేను ఎక్కి పిండి ఇచ్చి, నీళ్ల బిందె అందుకునేదాన్ని. మామగారు కింద నిలబడి, "పిండి పోతాంటే నాకు జెప్పాలె. సరిహద్దు దాటుతాంది" అనేవారు. ఒకసారి నవ్వాపుకోలేక బిందె ఆయన నెత్తిన ఒలకబోశాను.

"హమ్లా! దాడి జేసిన్రు!" అని అరిచారు.

"మేమేం జెయ్యలే!" అటునుంచి దర్జీ.

గెలిచామని రేడియో చెప్పిన రోజు ఇద్దరూ వీధిలో చెరో చివరి నుంచి బెల్లం పంచుతూ వచ్చి, మధ్యలో ఎదురుపడ్డారు. ఒకరి బెల్లం ఒకరు తీసుకున్నారు. ఇటుకలు మాత్రం ఎవరూ ముట్టలేదు. ముందు తీసినవాడు ఓడినట్టట.

మర్నాడు అత్తగారు గడ్డపార పట్టారు. "గెలిచిన దేశంల నీళ్లకు నిచ్చెనెక్కుడేంది?" అని గోడను పొడిచారు. మగవాళ్లిద్దరూ చెరో పక్క నిలబడి చూశారు.

"నేను తియ్యలే అన్నా," అన్నారు దర్జీ, దుమ్ములోంచి.

"నేనూ తియ్యలే," అన్నారు మామగారు. "చాయ్ తాగుదువు రా."