కీ.శే. గారికి ఘనస్వాగతం

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో కంప్యూటరు నేర్చుకున్నవాళ్ళం రోడ్డు మీద నడిచే తీరే వేరుగా ఉండేది. మనకు తెలిసిన విద్య పక్కవాళ్ళకు తెలియదన్న సంగతి నడకలో కూడా కనిపించాలని మా తాపత్రయం. నేనూ అలా నడిచినదాన్నే. మాది వేంపల్లె. నాన్న గొర్రెలు కాస్తూ, కొంచెం మెట్ట భూమిలో వేరుశనగ వేసేవాడు. నేను డిగ్రీ అయ్యాక ప్రొద్దుటూరులో పెద్దమ్మ ఇంట్లో ఉండి ఆరునెలల ప్రోగ్రామింగు కోర్సు ఒకటి చేసి, ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో టైపు చేసే ఉద్యోగంలో చేరాను. (పెద్దమ్మ ఆ వీధిలో అందరికీ నన్ను "కంప్యూటరు ఇంజనీరు" అని చెప్పేది. అది తప్పని తెలిసినా నేను ఎప్పుడూ దిద్దిన పాపాన పోలేదు.)

ప్రెస్సు ఓనరును మేమంతా అర్జెంటు మామ అనేవాళ్ళం. ఆయన దగ్గరికి వచ్చిన ప్రతి పనీ అర్జెంటే. పెళ్ళి పత్రికైనా, పాలవాడి రసీదు పుస్తకమైనా ఒకే కేక. ఇక రెండో ముఖ్యమైన మనిషి సీసం చాచా. ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చినవాడు. అచ్చు తిరగేసి ఉన్నా, తలకిందులుగా ఉన్నా, మనం పేపరు చదివినట్టు చదివేసేవాడు. కంప్యూటరు వచ్చాక ఆ అక్షరాలన్నీ పాత ఇనుము కొట్టు కాటాకు పోయాయి. చాచాకు ప్రూఫులు దిద్దే పని మిగిలింది. కిటికీ పక్కన కుర్చీ, ఎర్ర ఇంకు పెన్ను, నాలుగుసార్లు మడిచిన తువ్వాలు. నేను టైపు చేసిన ప్రతి కాగితం ఆయన చేతిలోంచి పోవాలి. "బేటీ, ఈడ సున్న మింగినావు" అని ఆయన అన్నప్పుడల్లా నాకు చురుక్కుమనేది. కంప్యూటరు ఇంజనీరుకు సున్న గురించి చెప్పడమా!

మేము వాడే అచ్చుకూర్పు ప్రోగ్రాముతోపాటు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. దాని చివరి పేజీలు ఎవరూ తెరవలేదు. నేను తెరిచాను. ఆ ప్రోగ్రాముకు రాని పనులు మనమే నేర్పించవచ్చునట. చిన్న పనైతే నాలుగు వరుసల స్క్రిప్టు రాసిపెడితే సరి. పెద్ద పనైతే మనమే విడిగా ప్రోగ్రాము రాసి దాని కడుపులో తగిలించవచ్చు. అచ్చుకు పంపే ముందు అది ప్రతి మాటనూ మన ప్రోగ్రాముకు చూపించి, మనం ఏమి మార్చమంటే అది మారుస్తుంది. ఆ పేజీలు చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. టైపు చేసే పిల్ల ఒక్కసారిగా యంత్రానికే పాఠం చెప్పే పిల్ల అయిపోయింది మరి.

ఏమి నేర్పించాలా అని వెతుకుతుంటే పని తనంతట తానే ఎదురైంది. అవి ఎన్నికలు దగ్గరపడ్డ రోజులు. ఊరూరా రెండు వర్గాలు, వర్గానికో పార్టీ, పార్టీకో జీపు. కరపత్రంలో ఒక పేరుకు ముందు "శ్రీ" పడకపోయినా, వెనక "గారు" లేకపోయినా ప్రెస్సు ముందు జీపు ఆగేది. "మా అన్నకు గారు ల్యా, వాళ్ళన్నకు ఉండాదే, ఏంది మామా సంగతి?" అని అడిగేవాళ్ళు. అడిగేవాళ్ళు కూర్చుని అడగరు, నిలబడి అడుగుతారు. అర్జెంటు మామకు చెమటలు పట్టేవి.

నేను వారం రోజులు కూర్చుని ఒక ప్రోగ్రాము రాశాను. దానికి "గౌరవం" అని పేరు పెట్టాను. (పెట్టేటప్పుడు ఎంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.) పెద్దమనుషుల పేర్లన్నీ ఒక పట్టికలో వేశాను. నేను ఉత్త పేరు టైపు చేస్తే చాలు, బతికి ఉన్నవాళ్ళకు ముందు శ్రీ, వెనక గారు వచ్చి పడతాయి. కాలం చేసినవాళ్ళకు శ్రీ బదులు కీ.శే. పడుతుంది. తెర మీద ఏమీ మారదు, అచ్చులో మాత్రమే మారుతుంది. మొదటి కరపత్రం బయటికి వచ్చినప్పుడు అర్జెంటు మామ దానికి దండం పెట్టాడు.

ఇక్కడే నా చదువు ఎంతటిదో చెప్పాలి. ఆ కంప్యూటరులో చోటు తక్కువ. అందుకని పేరు మొత్తం పోల్చకుండా మొదటి ఆరు అక్షరాలు పోలిస్తే చాలనుకున్నాను. ఆరు అక్షరాలు కలిసిన వేరు వేరు పేర్లు ఈ జిల్లాలో ఎవరికి ఉంటాయిలే అని నా ధీమా. కాని యంత్రానికి తెలుగు అక్షరం ఒక్క గుర్తు కాదు. వకారం ఒక ముక్క, దాని మీది గుడిదీర్ఘం ఇంకో ముక్క, చివరికి రకారం మీది తలకట్టు కూడా విడి ముక్కే. నేను పోల్చమన్నది ఆరు ముక్కలు. అంటే మూడంటే మూడు అక్షరాలు. ఆ సంగతి నాకు తట్టలేదు.

పట్టికలో వీరనాగప్ప అని ఒకాయన ఉండేవాడు. ప్రొద్దుటూరు నూనె మిల్లు యజమాని, పోయి చాలా కాలమైంది. ఏటేటా ఆయన వర్ధంతి కార్డులు మేమే వేసేవాళ్ళం. ఆ తర్వాత పట్టికలో చేరినాయన వీరనారాయణ. పెద్దముడియం దగ్గర ఒక ఊరి సర్పంచి, ఒక వర్గానికి నాయకుడు. నిక్షేపంలాగా ఉన్నాడు. ఆయన పార్టీ మారుతున్నాడు. జమ్మలమడుగులో సభ పెట్టి స్వాగతం చెప్పాలని అనుచరులు కరపత్రం తెచ్చారు.

టైపు చేశాను. చాచా చేయి చాపాడు.

"ఇటియ్యి బేటీ, ఒకతూరి సూస్తా."

"అక్కరలేదు చాచా. ప్రోగ్రాము రాసినా గదా, అదే చూసుకుంటాది."

"అది సూసుకుంటాది సరే. దాన్ని ఎవురు సూస్తారు?"

మిషను దగ్గరున్న కుర్రాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చింది. "నీకు కనపడని తప్పులు గూడా దానికి కనపడతాయి" అనేశాను. ఆ మాట నేనే అన్నాను, ఈ నోటితోనే. చాచా పెన్ను మూత పెట్టుకున్నాడు. అర్జెంటు మామ "కానీండప్పా, అర్జెంటు!" అన్నాడు. కరపత్రాలు కట్టలు కట్టి జీపెక్కించారు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు అదే జీపు తిరిగి వచ్చింది. దిగిన నలుగురిలో ముందున్నాయన కరపత్రాన్ని మామ బల్ల మీద పరిచి, "సదువు" అన్నాడు. మామ చదివాడు. "కీ.శే. వీరనారాయణ గారికి ఘనస్వాగతం. వారు స్వయంగా ప్రసంగించెదరు. కావున కార్యకర్తలు తప్పక తరలిరావలెను." చివరికి వచ్చేసరికి మామ గొంతు వినపడలేదు.

"ఎవురు జెప్పినారు మీకు ఇట్ల ఎయ్యమని? అవతలోల్లేనా?"

ఆ ప్రశ్నకు ఆ రోజుల్లో అర్థం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. బతికున్న నాయకుడి పేరుకు ముందు ఆ రెండు అక్షరాలు పడితే దాన్ని అచ్చుతప్పు అనుకోరు, హెచ్చరిక అనుకుంటారు. నేను మానిటరు వెనక కూర్చున్నాను. లేచి నిలబడదామనుకున్నాను. తల ఇంకొంచెం కిందికి వంచుకున్నాను.

కిటికీ దగ్గర కుర్చీ కదిలిన చప్పుడు. "ఎవురూ చెప్పల్యా నాయనా. ప్రూఫు దిద్దింది నేను. కండ్లు సరిగ్గా ఆనడం ల్యా. నాదే తప్పు" అన్నాడు చాచా.

నేను తెర మీద లేని పని ఏదో వెతుక్కున్నాను.

"ఆ మాట మా అన్న ముందర చెబుదువు రా" అన్నారు. మామ, చాచా బయలుదేరారు. కంప్యూటరు సంగతి అడిగితే చెప్పడానికి ఉంటుందని మామ నన్నూ జీపెక్కించాడు. దారి పొడుగునా పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. చాచా వైపు చూడలేదు.

ఆ ఇంటి ముందు సగం వేసిన షామియానా ఉంది. అదెందుకో సర్పంచే చెప్పాడు. పొద్దున ఆయన పులివెందులలో ఏదో పంచాయితీకి పోయాడట. ఆయన అటు పోగానే ఇటు కరపత్రం ఊళ్ళోకి వచ్చింది. ఆయన భార్యకు చదువు రాదు. పక్కింటి పిల్లతో చదివించుకుంది. మొదటి మాటతోనే ఇల్లు గొల్లుమంది. లింగాలలో ఉన్న మేనత్తకు కబురు పోయింది. మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చి జీపు దిగేసరికి గుంజలు పాతుతున్నారు.

"ఎవురు పోయినారప్పా అని అడిగినా. టెంటోడు తాడు ఇడిసిపెట్టి, నువ్వేనన్నా అన్యాడు!"

నవ్వు వచ్చే మాటే. అరుగు మీదున్నవాళ్ళ పెదవులు అదిరాయి కూడా. కాని గడపలో కూర్చున్న ఆయన భార్యను చూశాక ఎవరికీ నవ్వు రాలేదు. ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆ కబురు ఏదో ఒక రోజు వస్తుందని ఆమె ఎన్ని ఏళ్ళుగా గుండె చిక్కబట్టుకుని ఉందో, ఆ పొద్దు అది వచ్చేసింది అనుకుంది. నాలుగు గంటల సేపు ఆమె నిజంగానే విధవ. చేసింది నేను.

చాచా ఎండలో చేతులు కట్టుకుని నిలబడి అదే మాట మళ్ళీ చెప్పాడు. సర్పంచి ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి, "పెద్దోనివి. పో. ఇంగ ఆ పని మానుకో" అన్నాడు. ఆమె మాకు మజ్జిగ ఇప్పించింది. నేను షామియానా నీడలో కూర్చుని తాగాను. గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాను.

తిరుగు బస్సులో చాచాను అడిగాను, ఎందుకట్ల చెప్పినావని.

"ముసలోనికి కండ్లు ఆనల్యా అంటే ఎవురైనా నమ్ముతారు. కంప్యూటరు దానంతట అది ఏసింది అంటే నమ్ముతారా బేటీ? సదువుకున్న పిల్ల, కావాలనే రాసిందంటారు. ఎవురు రాపిచ్చినారంటారు. మీ నాయన పేరు అడుగుతారు, మీ ఊరు అడుగుతారు."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మామ మాత్రం సర్పంచి మాట పట్టుకుని చాచా చేతిలోంచి ప్రూఫులు తీసేశాడు. పెళ్ళి కార్డులు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నేను "గౌరవం" తీసిపారేసి, ప్రతి శ్రీ, ప్రతి గారు చేత్తోనే టైపు చేశాను. ప్రూఫులు నేనే దిద్దుకున్నాను. నిజం చెప్పడానికి రేపు, రేపు అనుకుంటూ మూడు వారాలు గడిపాను. ఒక రోజు కార్డుల కోసం వచ్చినవాడొకడు చాచాను చూపిస్తూ, "ఈయప్పేనా బతికినోన్ని సంపింది?" అని పెద్దగా నవ్వాడు. చాచా కూడా నవ్వాడు. అలా నవ్వడం ఆయనకు అలవాటైపోయిందని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున ప్రెస్సుకు పోలేదు. జమ్మలమడుగు బస్సెక్కాను. అక్కడినుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను. సర్పంచి వాకిట్లో పది మంది ఉన్నారు. నిలబడే చెప్పాను. తప్పు చాచాది కాదన్నాను. ఆయన ఆ కాగితం చూడనే లేదు, చూస్తానంటే నేనే వద్దన్నాను, యంత్రానికి తప్పుగా నేర్పింది నేనే అన్నాను. నూనె మిల్లాయన పేరూ ఆయన పేరూ "వీరనా" దాకా ఒకటే కావడంతో యంత్రం పట్టికలో ముందున్న పేరు దగ్గరే ఆగిపోయిందని, ఆరు ముక్కలూ వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను.

"ఎవురు రాపిచ్చినారు మే?" అన్నాడు ఒకడు, చాచా చెప్పినట్టే.

సర్పంచి చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. తన వేళ్ళు తానూ మడిచి చూసుకుని, "అంటే మే, నీ మిషను పేరు సగమే సూసి మనిషిని సంపేసిందా?" అన్నాడు.

"అవునన్నా."

"మా పగోల్లు గూడా పేరంతా కనుక్కోనే వస్తారు గదమ్మే!"

వాకిలంతా గొల్లుమని నవ్వింది. ఆయన తొడ కొట్టుకుని నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది. నవ్వనిది ఒక్క ఆయన భార్యే. ఆమె దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకుంది.

"తప్పు ఎవురైనా చేస్తారు పాపా. ఆ పొద్దు ఆ ముసలాయన ఎండలో నిలబడుకోనుంటే నువ్వు నీడలో కూచోని మజ్జిగ తాగితివి సూడు, అదే బాగలేదు" అంది. కోపంగా కాదు, చాలా మెల్లగా.

సర్పంచి మామకు కబురు పంపాడు. ఇకమీదట తన కాగితం ఏదైనా సరే ముసలాయన చూస్తేనే అచ్చుకు పోవాలని. మామకు సంగతంతా తెలిసి నన్ను తిట్టబోయి, అర్జెంటు పని ఏదో గుర్తొచ్చి ఆగిపోయాడు. చాచాకు మాత్రం నిజంగానే కోపం వచ్చింది. "ఒక్కదానివే యాడికి పోయినావు? ఏమన్నా అయ్యింటే మీ నాయనకు నేనేం జెప్పాల?" అని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక కంపెనీలో ఇలాంటి ప్రోగ్రాములే రాస్తున్నాను. నా దగ్గర పనిచేసే పిల్లలు "చూడక్కర్లేదు మేడమ్, అన్నీ అదే చూసుకుంటుంది" అంటుంటారు. వాళ్ళను కోప్పడలేను. మానిటరు వెనక దాక్కున్న ఆ పిల్లను అయితే బాగా కోప్పడాలనిపిస్తుంది, మరు నిమిషం నవ్వూ వస్తుంది. చాచా కిటికీ దగ్గరికి తిరిగొచ్చిన రోజు మొదటి ప్రూఫు నేనే రెండు చేతులతో పట్టుకుపోయి ఇచ్చాను. అది సర్పంచి సభదే. మూడుసార్లు చూసుకున్నాను, ఒక్క తప్పు లేదనుకున్నాను. చాచా తాపీగా చదివి, పెన్ను మూత తీసి, కాగితం నాకేసి తిప్పాడు. సర్పంచి పేరులో "రా"కు దీర్ఘం మింగేశాను. ఈసారి ఏ ప్రోగ్రామూ లేదు. నా పది వేళ్ళే.